ఎవరి నేర్పు ఎక్కడ? సంఘములలో పనివారి నేర్పును గుర్తించి పెంచు విధము

నూలు వచ్చినప్పుడు మనము ఏమి చేయుదుము? చిలప విప్పి, పోగును వ్రేళ్ళ నడుమ నలిపి, నెంబరు చూచి, బిగి చూచి, ఇది పడుగునకు పనికివచ్చును, ఇది పేకకు చాలును అని వేరు చేయుదుము. పడుగునకు తగిన నూలును పేకకు వాడినచో డబ్బు దండుగ. పేక నూలును పడుగునకు పెట్టినచో మగ్గము మీద గడియకొకసారి తెగి ప్రాణము తీయును. ఈ సంగతి నేతగాని ఇంటి పదేండ్ల పిల్లవానికి కూడ తెలియును. కాని మగ్గము ముందు కూర్చుండు మనిషి విషయములో మనలో నెందరము ఈపాటి పరీక్ష చేయుచున్నాము? సభ్యుల పుస్తకములో పేరెక్కించి, ఒక పడుగు చేతికిచ్చి, నెలాఖరునకు ఎన్ని చీరలు దిగినవని మాత్రము చూచుచున్నాము.

ఈ వ్యాసము ముఖ్యముగా సంఘ కార్యదర్శులను, పాలకవర్గ సభ్యులను ఉద్దేశించి వ్రాయుచున్నాము. మేము మెట్రిక్యులేషను వరకే చదివినవారము. పనివారిని నడుపు శాస్త్రము కళాశాలలలో నేర్వలేదు. మా సంఘములో మా చేతిమీదుగానే జరిగిన ఒక పొరపాటు మాకు గురువైనది. దానినే ముందు చెప్పెదము.

మాది హోసూరు, కృష్ణగిరి నడుమనున్న ఒక పట్టు చీరల సంఘము. సభ్యులలో ఎక్కువమంది ఇంట తెలుగు, అంగడిలో తమిళము, బెంగుళూరు షావుకారుతో కన్నడము మాటలాడువారు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక అమ్మాయి తండ్రి చనిపోగా ఆయన మగ్గమును తాను తీసుకొన్నది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేండ్లు. ఆమె నేసిన చీరలో దెబ్బ సమముగా పడెడిది కాదు. ఒక జానెడు బిగువుగను, మరియొక జానెడు వదులుగను వచ్చెడిది. అంచు వంకర తిరిగెడిది. తరగతి కట్టునప్పుడు మేము నియమము ప్రకారము కూలిలో కోత వేయుచు వచ్చితిమి. ఒకసారి కాదు, చాల సార్లు వేసితిమి.

అదే కాలములో ఆ వీధిలో ఎవరి పడుగు అయిపోయినను ఆ అమ్మాయినే పిలుచుచుండిరి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలివేసి అతుకు పని మన పాఠకులకు వర్ణించి చెప్పనక్కరలేదు. పట్టు పడుగులో పోగులు వేలలో నుండును. ఒక్క పోగు వరుస తప్పినను ఆ తప్పు చీర పొడుగునను కనబడును. మెలి సరిగా పడనిచో పన్నె దాటునప్పుడు తెగును. ఆ అమ్మాయి వ్రేళ్ళకు బూడిద అద్దుకొని కూర్చున్నచో, ప్రక్కన ఎవరేమి మాటలాడుచున్నను ఆమె చేయి ఆగెడిది కాదు. ఈ దృశ్యమును మేము ఎన్నియో మారులు కన్నులార చూచితిమి. చూచి, "పిల్ల చురుకైనది" అనుకొని ముందుకు పోతిమి.

ఒకనాడు ఆమెయే ఆఫీసునకు వచ్చి, "మామా, నేయడం నా చేతికి కుదరడం లేదు. నాకు అతుకు పని ఇయ్యండి, వీధంతా నేనే చూసుకుంటా" అన్నది. "అతుకునకు మన సంఘములో కూలి పద్దు లేదమ్మా, నేసినదానికే కూలి" అని మేము సమాధానము చెప్పితిమి. లెక్కల పుస్తకము ప్రకారము ఆ మాట నిజమే. మూడు నెలలకు ఆమె హోసూరులోని ఒక కంపెనీలో చిన్న చిన్న భాగములు అమర్చు పనిలో చేరినది. తరువాత ఆమె తల్లి సంఘమునకు వచ్చి మగ్గము సామాను అప్పగించుచు ఇట్లన్నది: "అన్నా, అక్కడ దాని చేతులు వారం దినాల్లోనే చూసినారంట. ఏళ్ళు బాగుండాయని వేరే బల్లకి మార్చినారంట. మీరు మూడేండ్లు చూస్తానే ఉండారు కదా."

ఆ రాత్రి మేము కాగితము మీద ఒక లెక్క వేసికొంటిమి. అంకెలు ఉదాహరణకే గాని, విధానము ఎవరి సంఘమునకైనను వర్తించును. 4,000 పోగుల పడుగు అనుకొందము. గంటకు 500 పోగులు అతుకువారికి 8 గంటలు, అనగా ఒక దినము పట్టును. గంటకు 250 పోగులు అతుకువారికి 16 గంటలు, అనగా రెండు దినములు పట్టును. 20 మగ్గముల వీధిలో ఒక్కొక్క మగ్గమునకు రెండు నెలలకొకసారి కొత్త పడుగు వచ్చినచో సంవత్సరమునకు 120 అతుకులు. అతుకు ఒక్కింటికి ఒక దినము కలిసివచ్చినచో సంవత్సరమునకు 120 మగ్గపు దినములు మిగులును. ఇన్ని దినములు పోగొట్టుకొని, ఆ అమ్మాయి చీరకు కోత వేసి మిగిల్చిన రూపాయలను మేము జాగ్రత్తగా జమ కట్టుకొనుచుంటిమి!

ఇక హోసూరు సంగతి. 1970 దశకములో అక్కడ సిప్కాట్ పారిశ్రామిక వాడ ఏర్పడినది. లారీలు, మోపెడ్లు చేయు కర్మాగారములు వచ్చినవి. 1984లో టాటా వారును, తమిళనాడు ప్రభుత్వమువారి పారిశ్రామికాభివృద్ధి సంస్థ టిడ్కోయు కలిసి టైటాన్ గడియారముల కంపెనీని స్థాపించిరి. గడియారము చేయుట ఈ సీమలో తాత ముత్తాతల నాటి నుండి వచ్చిన వృత్తి కాదు. ఆ కంపెనీవారు గడియారపు పని ముందే తెలిసినవారి కొరకు వెదకక, తమిళనాడులోని పల్లెల నుండి, చిన్న ఊళ్ళ నుండి అప్పుడే చదువు ముగించిన యువతీయువకులను తీసుకొని పని నేర్పిరి. ఊరు విడిచి వచ్చిన ఆ పిల్లలను హోసూరులోని కుటుంబములలో ఉంచి, ఆ ఇంటివారే తల్లిదండ్రులవలె చూచునట్లు ఏర్పాటు చేసిరి. చెవులు వినబడనివారు, ఇతర అంగవైకల్యము గలవారు కూడ ఆ కర్మాగారములో పనిలో కుదిరిరి. ఆ సంస్థ 2002లో విడుదల చేసిన ఎడ్జ్ అను గడియారము మందము మూడున్నర మిల్లీమీటర్లు మాత్రమే. పల్లె పిల్లల చేతులలో ఇంతటి సూక్ష్మమైన పనికి తగిన నేర్పు ఉన్నదని ముందుగా కనిపెట్టినది మనము కాదు, వారు.

అదే ప్రాంతములో 1990 దశకమున మైరాడా అను స్వచ్ఛంద సంస్థ ప్రోత్సాహముతో గ్రామ స్త్రీలు 'మెడో' అను పేర తామే వాటాదారులైన సంస్థను ఏర్పరచుకొని, టైటాన్‌కు గడియారపు గొలుసుల లంకెలు కూర్చుట మున్నగు పనులు చేపట్టిరి. వాటాలు, సర్వసభ్య సమావేశము, లాభములో భాగము అనునవి సహకార సంఘములవారమైన మనకు కొత్త మాటలా? ఆ స్త్రీలలో నేత ఇండ్లవారు కూడ ఉండియుండవచ్చునని తలచినప్పుడు మాకు కొంత సిగ్గు కలిగినది.

కంపెనీలన్నియు ధర్మసత్రములని మేము చెప్పుట లేదు. రాత్రి షిఫ్టులు, కాంట్రాక్టు కూలి, ఎప్పుడు తీసివేయుదురో తెలియని ఉద్యోగములు అక్కడ కలవు. ఐనను మన పిల్లలు బస్సెక్కి అటు పోవుచునే యున్నారు. కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో (ఇది తెలంగాణములోని ఇక్కత్తు పోచంపల్లి కాదు, పేరు మాత్రము ఒక్కటే) కట్టిన ఓలా విద్యుత్ స్కూటర్ల కర్మాగారమును పూర్తిగా స్త్రీలచేతనే నడిపింతుమని ఆ కంపెనీ 2021లో ప్రకటించినది. దేశములోని నేతగాండ్రలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలేనని 2019–20 నాటి చేనేత గణన తెలుపుచున్నది. కనుక పై ప్రకటన ముందు తాకునది ఎవరి ఇంటి గడపనో ఊహించుకొనవచ్చును. కూలి ఎక్కువ గనుక పోవుచున్నారనుట సగము నిజము. ఇక్కడ తమ చేతి పనితనమును అడిగిన నాథుడు లేడనుట మిగిలిన సగము.

ఇచ్చట ఒక పాత సంగతి జ్ఞాపకము చేయక తప్పదు. హోసూరు సమీపమున తొరపల్లి గ్రామములో 1878లో పుట్టిన రాజాజీ మన వృత్తికి మేలు తలచినవారే. 1952లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన పిమ్మట ధోవతులు, చీరలు చేతిమగ్గమునకే విడిచిపెట్టవలెనని గట్టిగా వాదించిరి. అయితే 1953లో వారే గ్రామములలో ప్రాథమిక పాఠశాలల వేళలు తగ్గించి, మిగిలిన పొద్దు పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకొనవలెనను పథకము పెట్టిరి. ఇది కులవృత్తిని పిల్లల మెడకు కట్టుట యని తమిళదేశమంతట తీవ్రమైన వ్యతిరేకత లేచినది. 1954లో వారు పదవి విడుచుటయు, కామరాజు ముఖ్యమంత్రి కాగానే ఆ పథకము రద్దగుటయు జరిగినవి. ఆ రాజకీయముల తగవు తీర్చుట మా పని కాదు. కాని ఆ పథకము చట్టముగా పోయినను, మన సంఘముల బుర్రలో నుండి పోలేదని మా అభిప్రాయము. నేతగాని బిడ్డ గనుక నేయవలెను, నేయుట రాకపోయినచో సోమరి అని మనము ఇప్పటికిని తీర్మానించుచున్నాము. నేత ఇంట పుట్టిన పిల్లకు పోగుతో పరిచయము పుట్టుకతో రావచ్చును. కాని ఆ పరిచయము ఒకరికి నాడె విసరుటలో, ఒకరికి రంగు గుర్తించుటలో, మరియొకరికి యంత్రము విప్పి బిగించుటలో బయటపడును.

యంత్రమనగానే చింతకింది మల్లేశము గారి కథ చెప్పవలెను. నల్లగొండ సీమలో ఆలేరు దగ్గరి శారాజీపేట వారిది. చీరకు ఆసు పోయు పనిలో ఆయన తల్లి లక్ష్మమ్మ గారి భుజము, మోచేయి నొప్పులతో పడిపోవుచుండెను. ఒక చీరకు చేయి వేలకొలది మారులు అటునిటు ఆడించవలెను. చిన్నతనముననే బడి మానిన మల్లేశము గారు 1992లో ఆసు యంత్రము చేయుటకు పూనుకొని, అప్పులపాలై, ఊరివారి నవ్వులపాలై, 1999లో దానిని సాధించిరి. నాలుగు గంటలు పట్టు ఆసు గంటన్నరకు దిగినది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నారు. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చినది. ఈ కథలో మనము గర్వపడదగినది చాల కలదు. కాని కార్యదర్శి చదువవలసిన పుట వేరు. ఆ ఏడేండ్లును ఆయనను "మగ్గము విడిచి ఇనుప ముక్కలతో ఆడుకొనువాడు" అని తలచిన మనుష్యులు ఎవరు? మనవంటివారే. నేడు మన సంఘములో జాకార్డు మొరాయించినప్పుడు ఎవరిని పిలుచుచున్నామో, ఆ మనిషికి ఒక పట్టకారు, ఒక దినపు కూలి ఇచ్చు పద్దు మన పుస్తకములో ఉన్నదేమో చూచుకొనవలెను.

నేర్పును కనిపెట్టు విధమేమి? మనిషిని పిలిచి "నీకు ఏమి బాగుగా వచ్చును?" అని అడిగినచో లాభము లేదు. మనవారు తమ గొప్ప తాము చెప్పుకొనరు. చెప్పుకొన్నవాని మాట నమ్మరాదు. ఇరుగు పొరుగువారు ఆ మనిషిని ఏ పనికి పిలుచుచున్నారో కనిపెట్టవలెను. పండుగ ముందర తొందర పని వచ్చినప్పుడు ఎవరి చేయి ఎక్కడికి పోవునో చూడవలెను. ఎవరు ఏ పనిని చెప్పకమునుపే చేయుచున్నారు, ఏ పని చేసిన తరువాత అలసట లేక ముఖము తేటగా నుండును, ఏ పనిని రెండవ మారు చూపకమునుపే పట్టుకొన్నారు, ఈ మూడు సంగతులు చాలును. మేము ఒక ఆరు నెలలు ఈ విధముగా కనిపెట్టి చూడగా మాకే ఆశ్చర్యము కలిగినది. ఎండలో ఒక రంగు, దీపము క్రింద ఒక రంగు అనిపించు రెండు చిలపలను దూరము నుండియే వేరు చేయగల కుర్రవాడు, మా సంఘములో మూటలు మోయుచుండెను. నెలకు రెండు చీరలు మాత్రమే నేయు ఒక పెద్దాయన దగ్గర కూర్చుండిన పిల్లలు, ఇతరుల పిల్లలకంటె సగము కాలములో పని నేర్చుచుండిరి. ఆయన తిట్టడు, చేయి పట్టి చూపును, అంతే.

అయితే నేర్పు ఒకటి కనబడగానే తొందరపడి మనిషిని పైకెక్కించుట కూడ ప్రమాదమే. ఈ తప్పును కూడ మేమే చేసితిమి గనుక ధైర్యముగా చెప్పుచున్నాము. మా సంఘములో అందరికంటె చక్కగా కొంగు నేయు ఆయనను గౌరవించు ఉద్దేశముతో మేస్త్రీని చేసి, ఇతరుల చీరలకు తరగతి కట్టు పని యిచ్చితిమి. తన చేతి పనితో పోల్చి చూచుటవలన ఆయనకు ఎవరి చీరయు నచ్చలేదు. వీధిలో సగముమంది ఆయనతో మాటలు మానిరి. సంఘమునకు మంచి నేతగాడు పోయెను, మంచి మేస్త్రీయు దొరకలేదు. ఏడాదికి ఆయనయే వచ్చి, "నాయనా, ఈ పెత్తనం నాకొద్దు, నా మగ్గం నాకియ్యి" అని వేడుకొన్నాడు. నేయు నేర్పు వేరు, నేతను చూచి మనసు నొప్పింపక మంచిచెడ్డలు చెప్పు నేర్పు వేరు. అమెరికాలో పీటర్ డ్రక్కర్ అను పండితుడు 1967లో ప్రకటించిన గ్రంథములో, మనిషిలోని లోపములు లేకుండుట చూచి కాక ఉన్న బలము చూచి పనికి నియమింపవలెనని ఒక అధ్యాయమే వ్రాసెనట. ఒక ఆడిటరు గారు ఈ సంగతి మాకు చెప్పినప్పుడు, మా మేస్త్రీ గారి కథ ముందే జరిగిపోయినందుకు విచారించితిమి.

కనిపెట్టిన నేర్పును పెంచుట తరువాతి మెట్టు. సేలములో చేనేత సాంకేతిక విద్యాలయము 1960 నుండియు కలదు. మూడు సంవత్సరముల డిప్లొమా చెప్పుదురు. 1956లో మొదలైన నేతగాండ్ర సేవా కేంద్రములు కాంచీపురములోను, బెంగుళూరులోను మనకు అందుబాటులో నున్నవి. అద్దకము, డిజైను, మగ్గపు మెరుగులు నేర్పుదురు. వీటికి మనము ఎవరిని పంపుచున్నాము? నిజము చెప్పవలెనన్న, శిక్షణకు మనుష్యులను పంపుమని తాఖీదు వచ్చిననాడు ఎవరి మగ్గము మీద పడుగు లేదో వారిని పంపుచున్నాము. వారు భోజనము చేసి, భత్యము తీసుకొని, సర్టిఫికెట్టు పెట్టెలో పెట్టుకొని వచ్చుచున్నారు. పైన చెప్పిన మూటలు మోయు కుర్రవానిని మేము అద్దకపు శిక్షణకు పంపితిమి. వచ్చిన తరువాత అతనికి త్రాసు, కొలపాత్ర, ఒక నోటు పుస్తకము ఇచ్చి, ఏ రంగునకు ఎంత మందు, ఎంత వేడి, ఎంతసేపు అనునది ప్రతి బట్టీకి వ్రాసిపెట్టుమంటిమి. ఒక బట్టీ చిలపలకును మరియొక బట్టీ చిలపలకును రంగు కలియుట లేదని షావుకారు నుండి తిరిగివచ్చు చీరలు తగ్గినవి. వ్రాసిపెట్టుట మొదట అతనికి కష్టముగా నుండెను. అతని కన్నునకు కావలసినది ఆ పుస్తకమే యని రెండు నెలలకు అతనికే తెలిసినది.

నేర్పు గలవానికి నేర్పుతో కూడిన పనియే ఎప్పుడును అప్పగించి, కూలి మాత్రము అందరితో సమముగా ఇచ్చుట మన సంఘములలో మామూలు. కష్టమైన కొంగు వచ్చినదా, ఫలానా ఆమెకు ఇయ్యండి. తొందర ఆర్డరు వచ్చినదా, ఫలానా ఆయనకు ఇయ్యండి. ఇది మెచ్చుకోలు కాదు, శిక్ష. నెమ్మదిగా ఆ మనిషి తన నేర్పును దాచుకొనును. బాగుగా నేయగలిగియు "నాకు రాదు" అనుట నేర్చుకొనును. ఇట్టివారు ప్రతి ఊరిలోను కలరు. వారిని తిరిగి బయటకు తెచ్చుట కొత్తవారిని తయారు చేయుటకంటె కష్టము.

కనుక మేము ఒక పుస్తకము తెరచితిమి. ప్రతి సభ్యునికి ఒక పుట. ఆ పుటలో కోతల లెక్క ఉండదు, దానికి వేరే పుస్తకమున్నది. ఈ వ్యక్తిని ఇతరులు ఏ పనికి పిలుచుచున్నారు, ఏ పని తొందరగా నేర్చెను, ఏ శిక్షణకు పంపితిమి, తిరిగి వచ్చిన తరువాత ఏ పని ఇచ్చితిమి, కంటిచూపు ఎట్లున్నది అని వ్రాసెదము. చివరి దానిని మరువరాదు. యాబది దాటిన నేతగాని చేతిలో నేర్పుండియు కన్ను సహకరింపక తప్పులు పడును. అట్టివారిలో ఇద్దరిని అద్దములు పెట్టించి తిరిగి మగ్గము మీద కూర్చుండబెట్టగలిగితిమి. ఒకరికి ఆ పని సాగక, పిల్లలకు నేర్పు పని యిచ్చితిమి. సంవత్సరమునకు రెండు మారులు ఆ పుటను ఆ సభ్యునికే చదివి వినిపించెదము. కొందరు తమ గురించి అంత మంచి మాట ఒకరు వ్రాసిరని విని నమ్మలేకపోయిరి.

ఇక కూలి సంగతి. అతుకు పనికి, అద్దకపు పుస్తకమునకు, జాకార్డు మరమ్మతునకు, పిల్లలకు నేర్పుటకు వేరు వేరు కూలి పద్దులు ఉండవలెనని మేము పాలకవర్గమునకు నాలుగు తీర్మానములు పెట్టితిమి. అతుకు, మరమ్మతు ఆమోదము పొందినవి. అద్దకపు పద్దు ఒక సంవత్సరము పరీక్షగా నడుపుమన్నారు. పిల్లలకు నేర్పు పెద్దాయన కూలి మాత్రము వీగిపోయినది. "నేర్పుటకు కూడ కూలియా? మా తాత మాకు ఊరికే నేర్పలేదా?" అని ఒక సభ్యుడు అడుగగా అందరును తల ఊపిరి. ఆయన తాతకు నెల తిరుగునప్పటికి పిల్లవాడు హోసూరు బస్సు ఎక్కునను భయము లేదని మేము చెప్పితిమి గాని వినినవారు లేరు. రాబోవు సమావేశములో మరల పెట్టెదము.

ఆ అమ్మాయి నేటికిని కంపెనీలోనే యున్నది. అతుకు కూలి పద్దు వచ్చినదని ఆమె తల్లికి కబురు పెట్టితిమి. ఆదివారములలో, పండుగ సెలవులలో ఆమె ఊరికి వచ్చినప్పుడు వీధిలో ఒకటి రెండు పడుగులు అతికి పోవుచున్నది. ఆమె దగ్గర కూర్చుండి ఇద్దరు పిల్లలు ఆ పని నేర్చుచున్నారు. ఆమెకును నేర్పుటకు కూలి ఇయ్యవలసియున్నది. ఆ తీర్మానము సంగతి పైన వ్రాసితిమి.

ఇతర సంఘములలో పడుగు అతుకు వారికి, పిల్లలకు నేర్పువారికి ఏ పద్దు క్రింద, ఎంత కూలి ఇచ్చుచున్నారో కార్యదర్శులు ఈ పత్రికకు వ్రాసి పంపినచో, రాబోవు సమావేశమునకు మాకు ఉపయోగపడును.